'డాల్ఫిన్ గ్యారంటీ' పిక్నిక్ మన సంఘానికి వద్దు



పోస్టు పొడుగే. టీ గ్లాసు పక్కన పెట్టుకుని నింపాదిగా చదవండి. నచ్చకపోతే కింద తిట్టండి, కాకపోతే చదివి తిట్టండి.

సంక్రాంతి దాటాక వచ్చే ఆదివారం కుటుంబాలతో చిల్కా పిక్నిక్ అని కమిటీ నోటీసు పెట్టింది. సాతపడా దాకా బస్సులు, అక్కణ్ణుంచి మోటారు పడవలు, 'డాల్ఫిన్ గ్యారంటీ', పక్షుల దీవి చుట్టూ ఒక రౌండు, ఇసక దిబ్బ మీద భోజనాలు, పడవలోనే సౌండ్ బాక్సు. తలకి ఇంత అని వసూలు కూడా మొదలైంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని ఖరారు చేస్తారట. నేను దీనికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తబోతున్నాను. ఎందుకో ముందే చెప్తే, అక్కడ అరుపులు లేకుండా మాట్లాడుకోవచ్చని ఇది రాస్తున్నాను.

పిక్నిక్ మానేద్దామని నేను అనడం లేదు. చిల్కాకి వెళ్ళొద్దనీ అనడం లేదు. బరంపురంలో పుట్టి చిల్కా చూడకుండా ఎవరు పెరిగారు? రైల్లో భువనేశ్వర్ వెళ్తుంటే రంభ దాటాక అందరం కిటికీ వైపు జరుగుతాం కదా. పిల్లలకి చూపించాల్సిందే. నా తగువంతా ఆ 'గ్యారంటీ' అన్న మాటతో.

జూలో పులికి గ్యారంటీ ఉంటుంది, బోనులో ఉంది కాబట్టి. వెయ్యి చదరపు కిలోమీటర్ల నీళ్ళలో తన ఇష్టప్రకారం తిరిగే జీవాన్ని ఫలానా గంటకి చూపిస్తానని ఒకడు మాటిచ్చాడంటే, కనిపించేదాకా తరుముతాడని అర్థం. ఇంకో దారి లేదు. ఆ తరమడానికి అయ్యే డీజిలుకీ, ఆ తరిమే పనికీ మనం కలిసి చందా వేసుకుంటున్నాం.

నమ్మకం లేకపోతే కిందటి జనవరిలో మనవాళ్ళు పెట్టిన వీడియోలు గ్రూపులోనే ఉన్నాయి, మళ్ళీ చూడండి. ఒక వీడియోలో ఏడు పడవలు లెక్కపెట్టాను. నీటి మీద ఒక బూడిదరంగు వీపు తేలగానే ఏడూ అటు తిరిగాయి. అది మునిగింది. ఇంజన్లు ఆగలేదు. మళ్ళీ యాభై గజాల అవతల తేలింది, మళ్ళీ ఏడూ అటు. మూడోసారి తేలినప్పుడు దాని పక్కన చిన్నది ఒకటుంది, పిల్ల. పడవలో పాట ఆగలేదు. మనవాళ్ళలో ఎవరిదో గొంతు వినిపిస్తుంది: "ఇంకా దగ్గరికి పోనీ బాబూ, డబ్బులిచ్చాం కదా!" ఆ గొంతు ఎవరిదని నేను అడగను. ఆ మాట మనందరిదీ. నోటీసులో 'గ్యారంటీ' అని అచ్చువేసిన రోజే ఆ మాట మనం అనేశాం.

ఆ జంతువు సంగతి కొంచెం చెప్తాను. దాన్ని ఇరావతి డాల్ఫిన్ అంటారు. సినిమాల్లో గెంతే డాల్ఫిన్‌లా పొడుగు ముట్టె ఉండదు. గుండ్రటి తల, పొట్టి మొహం, సిగ్గరి స్వభావం. పేరు బర్మా నదిది. కానీ శాస్త్రవేత్తల పుస్తకంలోకి అది ఎక్కింది మన విశాఖపట్నం నుంచి. 1852 లో విశాఖ రేవులో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగానే 1866 లో రిచర్డ్ ఓవెన్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీన్ని ప్రపంచానికి పరిచయం చేశాడు. అంటే ఈ జాతికి జన్మపత్రిక రాసింది తెలుగు తీరంలో. ఇవాళ విశాఖ రేవులో నిలబడి చూస్తే ఒక్కటైనా కనిపిస్తుందా? మనకి దగ్గర్లో అది గుంపుగా మిగిలింది చిల్కాలోనే.

ఎన్ని మిగిలాయి? ఏటా ఒడిశా అటవీశాఖ లెక్క తీస్తుంది. గత కొన్నేళ్ళుగా చిల్కా లెక్క నూట యాభైకి కాస్త అటూ ఇటూ తిరుగుతోంది. మన సంఘం వార్షికోత్సవానికి వచ్చే జనం అంతకంటే ఎక్కువ. ప్రపంచంలో ఈ డాల్ఫిన్లు ఉన్న సరస్సులు రెండే రెండని చెప్తారు. ఒకటి చిల్కా, రెండోది థాయిలాండ్‌లోని సొంఖ్లా. అక్కడ ఇప్పుడు పాతిక కూడా లేవు. లావోస్, కాంబోడియా సరిహద్దులో మెకాంగ్ నది మడుగు ఒకటుంది. అక్కడ కూడా పడవల్లో టూరిస్టులు వెళ్ళి చూసేవారు. వలల్లో చిక్కుకుని ఒక్కొక్కటే పోయి, 2022 ఫిబ్రవరిలో ఆఖరిది కూడా చచ్చిపోయింది. ఆ మడుగుకి ఇప్పుడు ఎవరూ గ్యారంటీ ఇవ్వరు.

ఇది చేప కాదు. మనలాగే ఊపిరి తీసుకునే జంతువు. కడుపు మోసేది సుమారు 14 నెలలు, కనేది ఒక్క పిల్లని. మళ్ళీ కనడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. నూట యాభైలో ఏడాదికి రెండు మూడు అదనంగా పోయినా పూడ్చుకోవడం కష్టం. నీళ్ళలో అది దారి వెతుక్కునేదీ, చేపని పట్టేదీ కళ్ళతో కాదు, చెవులతో. తను చేసిన శబ్దం వెళ్ళి తగిలి వెనక్కి వచ్చేదాన్నిబట్టి ముందు ఏముందో తెలుసుకుంటుంది. బురద నీళ్ళలో కళ్ళు ఎందుకు పనికొస్తాయి చెప్పండి. చిల్కా లోతు చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అంత తక్కువ నీళ్ళలో, పొడుగు కడ్డీ చివర ఫ్యాను తిరిగే డీజిలు ఇంజన్లు ఏడెనిమిది ఒకేసారి మోగుతుంటే దానికి అది చీకటి. పిల్లతో ఉన్న తల్లికి ఆ చీకట్లో ఏ వైపు ఫ్యాను ఉందో తెలియదు. చిల్కాలో చచ్చి తేలిన డాల్ఫిన్లకి కారణాలు చెప్పేటప్పుడు వలల్లో చిక్కుకోవడం తర్వాత వచ్చేది పడవ దెబ్బలే.

చట్టం సంగతి కూడా తెలుసుకుందాం. మన సంఘంలో వకీళ్ళు ఉన్నారు, నన్ను సరిదిద్దొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ డాల్ఫిన్ మొదటి షెడ్యూలులో ఉంది, పులి, ఏనుగులతోపాటు. ఆ చట్టం 'వేట' అంటే చంపడం ఒక్కటే అనలేదు. పట్టుకోవడం, వెంటపడి తరమడం, తోలడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటలోనే లెక్కవేసింది. మొదటి షెడ్యూలు జంతువుని వేటాడితే శిక్ష 3 నుంచి 7 ఏళ్ళు. టూరిస్టు పడవని ఇంతవరకు ఎవరు ఆ సెక్షను కింద పెట్టారని మీరు అడగొచ్చు. కోర్టులో అది నిలుస్తుందా లేదా అన్నది వకీళ్ళు వాదించుకోనీ. రిజిస్టరు చేసుకుని, రబ్బరు స్టాంపు పెట్టుకుని, ఏటా ఆడిట్ చేయించుకునే సంఘం ఆ వాదన దాకా వెళ్ళే పని తన పేరు మీద ఎందుకు చెయ్యాలి? నా ప్రశ్న అదొక్కటే.

ఇక 'పక్షుల దీవి చుట్టూ ఒక రౌండు'.

ఆ దీవి పేరు నలబన. 15 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. వానాకాలంలో నీళ్ళ కింద ఉంటుంది, నీరు తీశాక రెల్లూ బురదా బయటపడతాయి. 1987 నుంచి పక్షుల అభయారణ్యం. సైబీరియా, మంగోలియా, మధ్య ఆసియా, లడాఖ్ నుంచి వలస వచ్చే పక్షులు చలికాలమంతా అక్కడా, చుట్టుపక్కల బురదల్లోనూ ఉంటాయి. సూదితోక బాతులు, రాజహంసలు, తల మీద రెండు నల్ల చారలుండే బాతులు, మన కవులు వందల ఏళ్ళు విరహానికి వాడుకున్న జక్కవలు కూడా. అవును, ఆ జక్కవలే. పద్యాల్లో చదివాం కదా, చిల్కాలో చూడొచ్చు. జనవరి లెక్కల్లో చిల్కా మొత్తం మీద పక్షులు 10 లక్షలు దాటిన ఏళ్ళు ఈమధ్య చాలానే ఉన్నాయి.

అవి చలి కాచుకోవడానికే వచ్చాయని మనం అనుకుంటాం. తినడానికి కూడా వచ్చాయి. మార్చి నాటికి తిరుగు ప్రయాణం. ఆ చారల తల బాతు హిమాలయాల మీదుగా ఎగిరి వెళ్ళాలి. ఆ దారికి కావలసిన కొవ్వంతా డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఈ బురదలోనే కూడబెట్టుకోవాలి. దూరప్రయాణం పెట్టుకున్న మనిషి పులిహోర మూట కట్టుకున్నట్టు. మన పడవ వచ్చి హారను కొడితే, సౌండ్ బాక్సు మోగితే, ఎవరో కుర్రాడు డ్రోన్ ఎగరేస్తే, వేల పక్షులు ఒక్కసారి లేస్తాయి. ఫోటో అద్భుతంగా వస్తుంది. కానీ పక్షి ఊరికే లేవదు. తిన్నది ఖర్చుపెట్టి లేస్తుంది, తినాల్సిన సమయం పోగొట్టుకుని లేస్తుంది. ఒక పడవకి ఒకసారి అయితే తట్టుకుంటుంది. ఆదివారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పడవ తర్వాత పడవ అయితే? మనం మూట విప్పి పారబోస్తున్నాం, వాటికి ముందు హిమాలయాలు ఉన్నాయి.

మనం వెళ్ళేది సరిగ్గా సంక్రాంతి రోజుల్లో అన్నది మరిచిపోవద్దు. మనకి సెలవులు, కాళీజాయి యాత్ర కూడా అప్పుడే. పక్షులు ఎక్కువ ఉండేదీ అప్పుడే. రద్దీ అంతా ఒకే వారంలో పడుతుంది.

దీవుల మీద భోజనాల సంగతి. చిల్కా దీవులు చూడ్డానికి ఖాళీగా కనిపిస్తాయి. ఖాళీ కాదు. రంభ దగ్గర బర్కుడా దీవి ఉంది, టూరిస్టు పడవలవాళ్ళు హనీమూన్ ఐలండ్ అంటారు. 1917 లో నెల్సన్ అన్నండేల్ అనే ఆయన అక్కడ మట్టిలో కాళ్ళు లేని ఒక నలికిరి జాతిని కనిపెట్టి, ఆ దీవి పేరే దానికి పెట్టాడు. పాములా ఉంటుంది, పాము కాదు. చూసిన వెంటనే కర్ర పట్టుకునే రకం జనం మనం. దాని దాయాది ఒకటి మళ్ళీ విశాఖ ప్రాంతంలోనే ఉంది. ఇంత చిన్న దీవిలో ఇలాంటిది ఒకటి ఉందని తెలియకుండానే మనం పొయ్యి వెలిగిస్తాం, ఆకులు ఊడ్చి తగలబెడతాం, మిగిలిన అన్నం పారేస్తాం, ఆ అన్నానికి కాకులూ కుక్కలూ అలవాటుపడతాయి. ఖల్లికోట రాజావారు కట్టించిన బంగళా శిథిలాలున్న బ్రేక్‌ఫాస్ట్ దీవి చూడండి. రాజుగారి ఫలహారం ఎప్పుడో అయిపోయింది. మన ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు మీరు అనబోయే మాటలకి వద్దాం. ఈ సంఘంలో ఇన్నేళ్ళుగా ఉన్నవాడిని, ఏ బెంచీ నుంచి ఏ మాట వస్తుందో నాకు తెలుసు.

మొదటిది: "పడవలవాళ్ళ పొట్ట కొడతారా?" మంచి ప్రశ్న. చిల్కా మీద ఆధారపడి సుమారు 2 లక్షల మంది జాలరి జనం బతుకుతున్నారు. పడవ నడిపేవాడు కోటీశ్వరుడు కాదు, చేపలు తగ్గి టూరిజంలోకి వచ్చినవాడు. అందుకే నేను పడవ మానేద్దామనలేదు. అదే పడవ, అదే మనిషి, అదే డబ్బు ఇద్దాం. ఇంకో వంద ఎక్కువే ఇద్దాం. కాకపోతే ఆ డబ్బు తరిమినందుకు ఇవ్వొద్దు, ఇంజను ఆపినందుకు ఇద్దాం. ఇవాళ అతను ఎందుకు తరుముతున్నాడు? తరమకపోతే మనం బేరమాడతాం, టిప్పు ఎగ్గొడతాం, ఒడ్డుకి వచ్చాక గొడవ చేస్తాం. గ్యారంటీ అతను పుట్టించింది కాదు, మనం అడిగి అడిగి పుట్టించింది. డాల్ఫిన్లు లేని చిల్కాలో మొదట పస్తుండేది అతని పిల్లలే. మనం ఇంకో పిక్నిక్ స్పాటు వెతుక్కుంటాం.

రెండోది: "రొయ్యల ఘేరీలు చిల్కాని మింగేస్తుంటే వదిలేసి, ఏడాదికోసారి వెళ్ళే మన మీద పడతావేం?" ఘేరీల సంగతి నిజమే, నేనూ ఒప్పుకుంటాను. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చిల్కా, పులికాట్ సరస్సులకి 1000 మీటర్ల లోపల రొయ్యల సాగు ఉండకూడదని తీర్పిచ్చింది. తర్వాత కూడా ఘేరీలు లేస్తున్నాయి, కూలుస్తున్నారు, మళ్ళీ లేస్తున్నాయి. దాని మీద కలెక్టరుకి మహజరు ఇద్దామంటే మొదటి సంతకం నాది. కానీ ఘేరీని పీకే అధికారం మనకి లేదు, మన సౌండ్ బాక్సు ప్లగ్గు పీకే అధికారం మనకుంది. పెద్ద దొంగ దొరకలేదు కదా అని చిన్న దొంగతనం ధర్మం అయిపోదు. పైగా పొద్దున్న మహజరు ఇచ్చి మధ్యాహ్నం డాల్ఫిన్‌ని తరిమితే ఆ కాయితానికి విలువేముంటుంది?

మూడోది: "మనం మానేస్తే ఇంకొకళ్ళు వెళ్తారు, తేడా ఏముంది?" వరకట్నం గురించీ, పెళ్ళిళ్ళలో మందు గురించీ కూడా ఒకప్పుడు ఇదే మాట ఈ హాల్లోనే విన్నాం. అయినా సంఘం తరఫున చేసే సామూహిక వివాహాల్లో కట్నం ఉండకూడదని తీర్మానం చేసుకున్నాం. లోకమంతా మారిందా? లేదు. మన పందిట్లో మారింది. సంఘం ఉన్నది అందుకే. విడివిడిగా ఎవరు ఏం చేసినా, సంఘం పేరు మీద ఏం జరగాలో, ఏం జరగకూడదో మనం కూర్చుని తేల్చుకోవచ్చు.

నాలుగోది, నేను గౌరవంతో వినే మాట: "పిల్లలకి సరదా లేకుండా చేస్తావా? పెద్దవాళ్ళు నాటు పడవ ఎక్కగలరా?" పిల్లల సరదా గురించి మంగళజోడి వెళ్ళి చూడండి. హైవే మీద టంగి దగ్గర మళ్ళాలి. చిల్కా ఉత్తరపు ఒడ్డున ఉన్న ఊరు. ఒకప్పుడు ఆ ఊళ్ళో పక్షుల వేట పెద్ద వ్యాపారం. విషం పెట్టి, వల వేసి సంతకి తీసుకెళ్ళేవారు. 2000 ప్రాంతం నుంచి అదే వేటగాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడి, వాళ్ళ చేతే పక్షుల రక్షణ సమితి పెట్టించారు. ఇవాళ ఆ ఇళ్ళలో వాళ్ళే గైడ్లు. ఏ పక్షి ఎక్కడ దాక్కుంటుందో వేటగాడి కంటే ఎవరికి బాగా తెలుస్తుంది? ఇంజను లేని చదును పడవ, వెదురు గడ వేసి తోస్తారు. చేతికి బైనాక్యులర్ ఇస్తారు. చప్పుడు లేదు కాబట్టి పక్షి లేవదు. లేవదు కాబట్టి దగ్గరగా కనిపిస్తుంది. తరిమితే దూరమయ్యేది, ఊరుకుంటే దగ్గరవుతుంది. మోటారు పడవలో పిల్లవాడు చూసేది పక్షుల వెనకభాగం, ఎగిరిపోతున్నప్పుడు. మంగళజోడిలో చూసేది ముక్కు బురదలో పెట్టి తింటున్న పక్షిని. ఏది సరదా?

నడవలేని పెద్దవాళ్ళకి రంభ ఒడ్డు ఉంది, నీడ ఉంది, కుర్చీలు వేద్దాం. నీళ్ళ మీద పొద్దు ఎక్కడం చూస్తూ ఉప్మా తిందాం. కాళీజాయి అమ్మవారి దర్శనం కావాలన్నవాళ్ళకి బార్కుల్ నుంచి పడవ ఉంది. అమ్మవారి కథ తెలుసు కదా. పెళ్ళయిన పిల్లని తండ్రి పడవలో పారికుద్ అత్తవారింటికి తీసుకెళ్తుంటే గాలివాన వచ్చి, జాయి నీళ్ళలో పోయింది. ఆమెనే దేవతగా కొలుస్తున్నారు. చిల్కా మీద గాలికీ నీటికీ దండం పెట్టి ప్రయాణం కట్టాలని ఆ కథ చెప్తుంది. దేవతకి కొబ్బరికాయ కొట్టి, ఆమె నీళ్ళలో బతికే తల్లీపిల్లల్ని తరమడం ఏం భక్తి?

ఇంకొక విషయం. ఇది మనలో మనకి మాత్రమే చెప్పాల్సిన మాట.

1936 ఏప్రిల్ 1 న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. మనం ఎక్కణ్ణుంచో వలస వచ్చినవాళ్ళం కాదు, ఈ నేల మనుషులమే అని ప్రతి వేదిక మీదా చెప్తాం. తెలుగు బడికి టీచరు కావాలన్నా, ఓటర్ల జాబితాలో పేర్లు సరిగ్గా రాయమన్నా అదే వాదన. సరే, ఈ నేల మనదే అయితే ఈ నీళ్ళూ మనవే. చుట్టం వచ్చి ఆకులో వదిలేసి వెళ్తే సర్దుకుంటాం, ఇంట్లో మనిషి తన వాకిట్లోనే చెత్త పోస్తే ఏమంటాం? హక్కు అడిగేటప్పుడు సొంతవాళ్ళం, పిక్నిక్‌కి మాత్రం టూరిస్టులం, ఈ రెండూ కలిసి నడవవు.

మనవాళ్ళే దీన్ని ఎంత బాగా చేసి చూపించారో చూడండి. ఋషికుల్య మొగ దగ్గర పోడంపేట, పూర్ణబంధ, గోఖర్‌కుద. అక్కడి జాలర్లలో చాలామంది ఇళ్ళలో తెలుగే. ఏటా ఫిబ్రవరి, మార్చిల్లో లక్షల తాబేళ్ళు ఆ ఇసకలో గుడ్లు పెట్టడానికి వస్తాయి. 2025 లో 6 లక్షలకు పైగా వచ్చాయని అటవీశాఖ లెక్క. ఆ ఊళ్ళ కుర్రాళ్ళు రాత్రిళ్ళు తీరం కాస్తారు, కుక్కల్ని తోలతారు, పిల్లలు పొదిగి బయటికొచ్చినప్పుడు దీపాల వైపు పోకుండా చూసి సముద్రం వైపు వదులుతారు. సముద్రం కోతకి ఇళ్ళు పోయిన ఊరు పోడంపేట. తమకే నిలువ నీడ కరువైన మనుషులు తాబేలు గుడ్డుకి కాపలా కాశారు. మన సంఘం సావనీరులో వాళ్ళ ఫోటో ఒక్కటైనా ఎప్పుడైనా వేశామా? డాక్టర్లవీ, కాంట్రాక్టర్లవీ వేశాం.

ఇటు శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఉంది. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. కింద ఇళ్ళున్నాయి, రెట్ట పడుతుంది, వాసన వస్తుంది. అయినా ఆ ఏడు పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ళ నమ్మకం. పక్షికి చోటిచ్చి పక్కకి జరగడం తెలుగువాళ్ళకి కొత్త కాదు. మనం ఊళ్ళు పెద్దవయ్యాక, జీతాలు పెరిగాక మరిచిపోయిన విద్య అది.

కాబట్టి ఊరికే వ్యతిరేకించి కూర్చోకుండా, సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇదిగో. మార్పులు ఉంటే ముందే చెప్పండి.

ఒకటి. నోటీసులోంచి 'డాల్ఫిన్ గ్యారంటీ' అన్న మాట తీసెయ్యాలి. పడవ మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి: డాల్ఫిన్ కనిపిస్తే ఇంజను ఆపాలి, వెంటపడకూడదు, అప్పటికే అక్కడ వేరే పడవలుంటే మనం వెళ్ళకూడదు. ఒక్కటీ కనిపించకపోయినా పూర్తి డబ్బు, పైన టిప్పు ఇవ్వాలి.

రెండు. పడవల్లో సౌండ్ బాక్సు, మైకు, డ్రోను వద్దు. పాటలు కావాలంటే బస్సులో పాడుకుందాం, అంత్యాక్షరి ఆడుకుందాం. నేనూ పాడతాను, వినే ధైర్యం మీకుంటే.

మూడు. నలబన వైపు రౌండు రద్దు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా వెళ్ళడం ఎలాగూ తప్పే. దీవుల మీదా ఇసక దిబ్బల మీదా వంటలు, భోజనాలు వద్దు. ఒడ్డునే విస్తరాకుల్లో తిందాం, తెచ్చిన చెత్త మన బస్సులోనే వెనక్కి తెద్దాం.

నాలుగు. నడవగలిగినవాళ్ళు, పిల్లలు బ్యాచీలుగా మంగళజోడికి. తెల్లవారుజామునే బయల్దేరాలి. పక్షులు మన సీరియళ్ళ టైముకి రావు.

ఐదు. మిగిలిన డబ్బులో కొంత ఋషికుల్య దగ్గర తాబేళ్ళని కాసే కుర్రాళ్ళకి టార్చిలైట్లకీ, రెయిన్‌కోట్లకీ ఇవ్వాలి. వాళ్ళలో ఒకరిని మన ఉగాది సభకి పిలిచి శాలువా కప్పాలి, తెలుగులో మాట్లాడించాలి.

ఖర్చు పెరుగుతుందని కోశాధికారిగారు భయపడక్కర్లేదు. సౌండ్ బాక్సు అద్దె, డ్రోన్ వీడియో, ఫ్లెక్సీలు తీసేస్తే లెక్క దాదాపు సరిపోతుంది. నేను కాయితం మీద వేసి చూశాను, సమావేశానికి తెస్తాను.

కమిటీ మీద నాకు కోపం లేదు. ఏటా బస్సు మాట్లాడి, వంటవాణ్ణి మాట్లాడి, నాలుగొందల మందిని ఒక్క చోటికి చేర్చడం ఎంత కష్టమో తెలుసు. ఆ కష్టంతో నాలుగొందల మంది ఏం నేర్చుకుని వస్తున్నారన్నదే నా బాధ. డబ్బు కడితే ఏ జీవమైనా కంటి ముందు హాజరవ్వాలని మన పిల్లలు నేర్చుకుంటే, రేపు మనిషి విషయంలో కూడా అలాగే అనుకుంటారు.

సర్వసభ్య సమావేశానికి రండి. 'ఎవరో చూసుకుంటారు' అని ఇంట్లో కూర్చోవద్దు. నాతో ఏకీభవించేవాళ్ళు చెయ్యి ఎత్తండి. ఏకీభవించనివాళ్ళు కూడా వచ్చి, ఆ ఏడు పడవల వీడియో అందరి ముందూ తెర మీద వేసి, అందులో తప్పేమీ లేదని నిలబడి చెప్పండి. అలా చెప్పగలిగితే ఓటుకి నేను కట్టుబడతాను.

నమస్కారాలతో, మీ సాటి సభ్యుడు.